గీతలాయన

సుద్దదారం ఒక కొసని షట్టరు పక్కనున్న కొక్కేనికి బిగించి, రెండో కొసని ఎడమ బొటనవేలితో రేకుకి అదిమిపెట్టి, కుడిచేత్తో దారాన్ని లాగి వదిలాడాయన. టప్పుమంది. ఇనప రేకు మీద తెల్లటి గీత పడింది. ఒక అడుగు వెనక్కి వేసి, కళ్లు చికిలించి, అది తిన్నగా ఉందని తెలిసి కూడా మరోసారి చూసుకున్నాడు. తరవాత దాని కింద ఇంకో గీత, ఆ రెంటి మధ్యా సన్నగా మూడో గీత. చొక్కాకి గొంతుదాకా గుండీలు పెట్టి ఉన్నాయి. చెవి వెనక పెన్సిలు. ఏళ్ల తరబడి నిచ్చెన మీద ఒకవైపే ఒరిగి పనిచెయ్యడంవల్ల ఎడమ భుజం కిందికి జారిపోయి, దూరంనుంచి చూసేవాళ్లకి ఎప్పుడూ ఏదో సంచి మోస్తున్నట్టు కనిపిస్తాడు. గీసే గీతలన్నీ తిన్ననివే గానీ మనిషి మాత్రం వంకర.

వీధిలో ఆయన్ని గీతలాయన అంటారు. గీత గియ్యకుండా ఒక్క అక్షరం రాసిన పాపాన పోలేదు. ‘ఆయన తుమ్మాలన్నా ముందు గీత గీసుకుంటాడు’ అని ఎదురుగా టీ కొట్టువాడు వెక్కిరిస్తూంటాడు. గీతలాయన పట్టించుకోడు. అక్షరమంటే నిలబడడం నేర్చుకోవాలి, నిలబడాలంటే కింద నేల ఉండాలి, ఆ నేలే గీత అని ఆయన నమ్మకం. నమ్మకం మంచిదే. దానివల్ల ఆయనకి ఒరిగిందేమిటని మాత్రం అడక్కూడదు.

ఫ్లెక్సీలు వచ్చాక గోడలు పోయాయి, రేకు బోర్డులు పోయాయి, గుడ్డ బ్యానర్లు పోయాయి. తోటి పెయింటర్లలో ఒకడు ఆటో కొనుక్కున్నాడు, ఒకడు కాపలా ఉద్యోగంలో చేరాడు. ఈయనకి షట్టర్లు మిగిలాయి. పైకి చుట్టుకుపోయే రేకు మీద ఫ్లెక్సీ నిలవదు గనక, కొట్టు పేరు దానిమీద రాయించాలంటే కుంచె పట్టినవాడే రావాలి. అదీ అల్లాటప్పా పని కాదు. షట్టరంటే పలక కాదు గదా, నిండా గాళ్లూ గట్లూ. కుంచె గాడిలోకి దిగాలి, అక్కడ రంగు పోగుపడకుండా మళ్లీ గట్టెక్కాలి, దిగి ఎక్కినట్టు చూసేవాడికి తెలియకూడదు. రాసిన షట్టరుని ఆరేదాకా పైకి లేపకూడదు. లేపితే పేరంతా అలుక్కుపోయి చుట్టలోపల అంటుకుపోతుంది. అందుకే కొట్టుకి సెలవు ఉన్నరోజే ఈయనకి పని.

ఇంతా చేస్తే, ఆ రాత కొట్టు మూసినప్పుడే కనపడుతుంది. జనం వీధిలోకి వచ్చే వేళకి షట్టరు లేస్తుంది, పేరు చుట్టుకుని పైనున్న డబ్బాలోకి పోతుంది. జనం ఇళ్లకి చేరాక దిగుతుంది. వీధి ఊడ్చేవాళ్లూ, పాల బండివాళ్లూ, కుక్కలూ చదవాలి. ‘నా పాఠకులంతా నాలుగు కాళ్లవాళ్లే’ అని ఒకసారి ఆయనే నవ్వుతూ అన్నాడు. నవ్వయితే నవ్వాడు గానీ కళ్లు నవ్వలేదు.

ఇవాళ పని కళ్లజోళ్ల కొట్టుది. గీతలు పూర్తయ్యేసరికి యజమాని స్కూటరు దిగి, చేతిలో కాయితం ఆడించుకుంటూ వచ్చాడు.

“మేష్టారూ, మొదలెట్టేశారా? కొంచెం ఆగండాగండి. ఈసారి మీ మామూలు రాత వద్దు. ఇదిగో, ఇలా కావాలి.”

గీతలాయన కాయితం అందుకున్నాడు. ‘మంచిచూపు కళ్లజోళ్లు’ అని అచ్చయి ఉంది. ఎవరో కుంచెని రంగులో ముంచి, గోడకి జేరగిలబడి, ఎవరితోనో మాట్లాడుతూ రాసినట్టుంది ఆ రాత. ఏ అక్షరమూ పక్కదాని ఎత్తులో లేదు. తలకట్లు అక్షరాలమీద ఆనకుండా, విసిరినవి విసిరినట్టు గాల్లోనే ఉన్నాయి. చివరి కొమ్ము తోక కిందికి జారి, రంగు అయిపోయి, చీపురుతో ఊడ్చినట్టు చారలుగా ముగిసింది.

“పైన లైట్ల బోర్డు కూడా ఇందులోనే కొట్టిస్తున్నా. షట్టరు దానికి జత కుదరాలి గదా. చేత్తో ఏదో సరదాగా రాసిపారేసినట్టుంటుంది, అదే దీని అందమట. బాబాయి అంటారట ఈ అక్షరాల్ని. ఎవడి చెయ్యోగానీ మేష్టారూ, బంగారం!”

ఎవడి చెయ్యో గీతలాయనకి తెలుసు. ఆ చెయ్యి ఆయన తోడల్లుడిది. ఆ చేతిని కంప్యూటర్లోకి ఎక్కించిందెవరో కూడా తెలుసు. అది ఆయన కన్నకూతురు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. యజమానికి ఈ సంగతులేవీ తెలియవు పాపం. అతను కాయితాన్ని నిచ్చెనకి క్లిప్పు పెట్టి తగిలించి, సాయంత్రం రంగు ఆరాక వస్తానని వెళ్లిపోయాడు.

గీతలాయన కాసేపు ఆ కాయితం వంకే చూస్తూ కూచున్నాడు. కడుపులో మంట బయలుదేరి గొంతుదాకా వచ్చింది. రెండేళ్లుగా అది ఆయనకి అలవాటైన మంటే. ఇంట్లోంచి కాలు బయట పెడితే చాలు, ఎక్కడ చూసినా వాడి రాతే. మందుల కొట్టు మీద వాడే. బట్టల కొట్టు మీద వాడే. స్కూలు బస్సు వెనక వాడే. పళ్లు పీకే డాక్టరు బోర్డు కూడా పిల్లల్ని ఆటకి పిలుస్తున్నట్టు ఇకిలిస్తూ ఉంటుంది. ఆస్పత్రిలో ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న మాట కూడా ఆ రాతలో ఈల వేస్తున్నట్టే ఉంటుంది. పైగా ప్రతి బోర్డులోనూ కొమ్ముకి అదే తోక, ఆ తోకలో అదే చార. చేత్తో రాసేవాడు ఒకే తప్పుని రెండోసారి అచ్చం అలాగే చెయ్యగలడా? ఈ మాట ఆయన చాలామందికి చెప్పి చూశాడు. ‘అవునుస్మీ’ అన్నారు. అని, తమ కొట్టుకీ అదే రాత కావాలన్నారు.

అసలు పాముకి పాలు పోసింది తనే. ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు ఒకే రంగుల కొట్టులో పనిచేసేవాళ్లు. పెళ్లయిన కొత్తలో భార్య, ‘మా చెల్లికి మంచి కుర్రాణ్ణి చూడరాదూ’ అంటే, పక్కన పనిచేసేవాణ్ణే చూపించాడు. ఏం బుద్ధి పుట్టిందో! ఆ రోజుల్లో పెద్ద పెద్ద గుడ్డ బ్యానర్లు ఉండేవి. ఈయన గీతలు కొట్టి, అక్షరానికి ఇంత చోటని కొలిచి, పెన్సిలుతో చుక్కలు పెట్టేవాడు. వాడు ఎక్కణ్నుంచో ఈల వేసుకుంటూ వచ్చి, చుక్కల మీదుగా కుంచె ఆడించుకుంటూ పోయేవాడు. చుట్టూ మూగినవాళ్లు నోళ్లు తెరుచుకుని చూసేవారు. రాసేవాణ్ణి చూస్తారుగానీ గీతలు కొట్టినవాణ్ణి ఎవడు చూస్తాడు? రంగు ఆరాక ఆ గీతల్ని తడిగుడ్డతో తుడిచేసేది కూడా ఈయనే.

సరే, వీధిలోవాళ్లంటే పరాయివాళ్లు. కూతురి సంగతే ఆయనకి కొరుకుడు పడదు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఈ కాకిపిల్లకేమో పక్క చెట్టుమీది కాకి ముద్దొచ్చింది. చిన్నప్పుడు ఆయన పలక మీద గీతలు గీసి దిద్దమంటే ఆవలించేది. బాబాయి వచ్చి ‘ఌ’కి మీసాలు పెట్టి పిల్లిని చేస్తే పడీపడీ నవ్వేది. పెద్దయి, అక్షరాలకి రూపాలు కట్టే చదువేదో చదివింది. మొదటిసారి సొంతంగా కంప్యూటరు అక్షరాలు తయారుచెయ్యాలనుకున్నప్పుడు ఇద్దరికీ తలో కట్ట తెల్ల కాయితాలు ఇచ్చింది. “నాన్నా, నీకెలా తోస్తే అలా రాసెయ్. బిగబట్టకు, చేతిని వదిలెయ్” అంది.

ఆయన ఆ మాట మనసులో పెట్టుకున్నాడు. వదిలేసినట్టు రాయాలి, అంతే కదా అనుకున్నాడు. అడ్డగీతలు గీశాడు. ఎంత ఏటవాలుగా వదిలెయ్యాలో లెక్కకట్టి, వాలుగీతలు కూడా గీశాడు. తలకట్టు ఎంత ఎత్తున ఎగరాలో చుక్క పెట్టుకున్నాడు. రోజుల తరబడి రాసి, నచ్చనివి చింపి, మళ్లీ రాసి, గీతలన్నీ రబ్బరుతో చెరిపి మరీ ఇచ్చాడు. కూతురు ఒక్కొక్క కాయితమే తిప్పి చూసింది. “చాలా బాగున్నాయి నాన్నా” అంది. అని, బీరువాలో జాగ్రత్తగా పెట్టింది. ఆ జాగ్రత్త చూస్తేనే ఆయనకి సంగతి అర్థమైంది.

వాడు మాత్రం అన్నం తిని వచ్చి, వీళ్లింటి మెట్లమీద కూచుని, ఒక్క ఊపులో కట్టంతా రాసిపారేశాడట. లుంగీ మీద సిరా, కాయితాలమీద వేలిముద్రలు. ఒక కాయితానికైతే చెయ్యి కూడా తుడుచుకున్నాడు. పక్కనే కూచున్న కూతురు కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. అప్పుడు గదిలో పడుకుని విన్న గీతలాయన చెవిలో ఆ నవ్వు ఇప్పటికీ జోరీగలా తిరుగుతూనే ఉంది. తన రాత చూసి కూతురు ఎప్పుడైనా అలా నవ్విందా? లేదు. బాగుందంటుంది. అందరూ బాగుందనే అంటారు.

“ఏమండీ!”

ఉలిక్కిపడి చూశాడు. భార్య క్యారేజీ పట్టుకుని నిచ్చెన దగ్గర నిలబడి ఉంది. చెల్లెలింటికి పోతూ దారిలో ఆగింది. ముఖం పీక్కుపోయి ఉంది.

“మా మరిదికి రాత్రినుంచీ మంచినీళ్లు కూడా దిగడం లేదట. డాక్టరు వచ్చి చూసి, ఇంక ఆస్పత్రికి తిప్పద్దన్నాడు. పిల్ల నిన్నట్నుంచీ అక్కడే ఉంది. మిమ్మల్ని రెండుసార్లు అడిగాడట.”

“రంగు కలిపేశాను. మధ్యలో వదిలేస్తే గడ్డకడుతుంది.”

“కట్టనివ్వండి.”

“సెలవు ఇవాళొక్కరోజే. రేపు కొట్టు తెరవాలి వాళ్లు.”

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. తరవాత నిచ్చెనకి తగిలించి ఉన్న కాయితం చూసింది. ఆ రాత ఆవిడకీ తెలుసు. తెలియనిదెవరికి?

“ఓహో, ఇదా సంగతి. మనిషి అక్కడ మంచం మీద కొడిగడుతుంటే మీరింకా ఈ ఏడుపే ఏడుస్తున్నారా? ఎన్నాళ్లండీ?”

“నేనేం ఏడవడం లేదు.”

“ఏడవరు మరి. దానికీ గీతలు గీసుకోవాలి గదా!”

మామూలప్పుడైతే ఆవిడ ఈ మాటకి నవ్వేది. ఇవాళ నవ్వలేదు. క్యారేజీ నిచ్చెన మెట్టుమీద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

“పిల్లని ఒక్కసారి అడిగావా, నాది ఎందుకు తీసుకోలేదో?” అన్నాడాయన, షట్టరు వైపే చూస్తూ.

“మీరే అడక్కపోయారా? నోరు లేదా? అడిగితే ఏం చెబుతుందోనని భయం మీకు. వాడేమో అడిగిందే తడవుగా ఇచ్చాడు. మీరేమో పరీక్ష రాశారు. కూతురికి కూడా పరీక్షేనా రాసేది?” అని, ఇంకేదో అనబోయి ఆగి, “రండి. మా చెల్లెలి మొహం చూసైనా రండి” అనేసి వెళ్లిపోయింది.

ఆయన కదల్లేదు. వెళితే ఏముంటుందో తెలుసు. మంచం చుట్టూ జనం, గోడమీద వాడికి ఎవరెవరో కప్పిన శాలువాలు, ఫొటోలు, పక్కన తన కూతురు. తను వెళ్లి అందరి ముందూ చెయ్యి పట్టుకుని ‘నీ అంతవాడు లేడురా’ అనాలి. ఆ మాట నోట్లోంచి రాదు. రానిదాన్ని మోసుకుని వెళ్లడమెందుకు? పని అయ్యాక చూద్దాం అనుకుని, కుంచె రంగులో ముంచి నిచ్చెనెక్కాడు.

కాయితం చూసి దించడం ఆయనకి కొత్త కాదు. గళ్లు గీసి, ఏ గడిలో ఏ వంపు ఉందో చూసి, అలాగే వేసుకుపోయాడు. వంపులన్నీ సరిగ్గా వచ్చాయి. తలకట్లు విడివిడిగా గాల్లో నిలిపాడు. చివర్న చారలు రావడానికి కుంచె సగం తుడిచి పొడిగా లాగాడు. అయినా ఎక్కడో చెయ్యి అడ్డం తిరుగుతోంది. వాడు పైకి విసిరిన చోట ఈయన చెయ్యి ఆగి, అవతలి అక్షరానికి చోటు చూసుకుని, అప్పుడు విసురుతోంది. అందులోనూ ఆ ‘చూ’ మరీ కుంటిదానిలా ఉందనిపించి కొద్దిగా నిలబెట్టాడు. ‘ళ్లు’ కింది వొత్తు మరీ పక్కకి పోయిందని ఇవతలికి లాగాడు. లోలోపల ఒక ఆశ కూడా పుట్టింది. వాడి రాతే, కానీ వాడికన్నా బాగా. చూసినవాళ్లు పైన బోర్డునీ కింద షట్టరునీ పోల్చి, కిందదే మేలనాలి.

యజమాని సాయంత్రమని చెప్పి మధ్యాహ్నం కాకుండానే వచ్చాడు. రోడ్డుకి అటువైపు నిలబడి, నడుంమీద చేతులు పెట్టుకుని, తల ఇటొకసారీ అటొకసారీ వంచి చూశాడు.

“బాగుంది మేష్టారూ. చాలా బాగుంది. కానీ... ఏదో తేడా కొడుతోందండీ. ఆ బాబాయిలా లేదు. కొంచెం బిగుసుకుపోయింది. మీరేం అనుకోకండి.”

గీతలాయన ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి ఏం మిగిలింది గనక! కిందికి దిగి, కిరసనాయిలు డబ్బా మూత తీసి, గుడ్డ ముంచి, మొదటి అక్షరంనుంచి చివరి చారదాకా తుడిచేశాడు. యజమాని ‘అయ్యయ్యో, అంత పని చేస్తారేంటండీ’ అంటూంటే, “రేపు రాస్తాను. రేపూ మూసే ఉంచండి” అన్నాడు. కుంచె కడిగి, చేతులు తుడుచుకుని, భార్య పెట్టి వెళ్లిన క్యారేజీ మూత కూడా తియ్యకుండా తోడల్లుడి ఇంటివైపు నడిచాడు. ఆయన పోతున్నది పరామర్శకి కాదు. ఒక ప్రశ్న అడగడానికి. అది వాడితోపాటే పోతే ఇంక చెప్పేవాడుండడు.

గదిలో ఆయన అనుకున్న జనం లేరు. కిటికీ పక్కన మంచం, మంచం మీద దుప్పటి, దుప్పటిలో సగం మనిషి. భార్య వంటింట్లో నీళ్లు కాస్తోంది. మరదలు మందు గ్లాసు పట్టుకుని ఉంది. కూతురు తండ్రిని చూసి గభాల్న లేచింది.

“బావగారొచ్చారండీ” అంది మరదలు.

“కిరసనాయిలు కంపు చెబుతూనే ఉంది” అన్నాడు మంచం మీది మనిషి, కళ్లు తెరవకుండానే. “మీరు కాసేపు బయటికెళ్లండర్రా. మా అన్నయ్య నన్ను తిట్టడానికొచ్చాడు.”

ఆడవాళ్లిద్దరూ బయటికి వెళ్లారు. గీతలాయన స్టూలు లాక్కుని కూచున్నాడు. తోడల్లుడే ముందు అడిగాడు.

“షట్టరు ఆరిందా?”

“చెరిపేశాను.”

“ఎందుకూ?”

“నీ రాత రాయమన్నాడు.”

తోడల్లుడు కళ్లు తెరిచాడు. నవ్వు మొదలై దగ్గుగా మారింది. దగ్గు ఆగాక అడిగాడు. “వచ్చిందా?”

“రాలేదు.”

ఇన్నేళ్లలో ఆయన ఈ మాట అనడం అదే మొదలు. అనేశాక గుండెల్లో బరువు దిగుతుందనుకున్నాడు గానీ అదేం దిగలేదు.

“ఆ తలకట్టు ఎలా విసురుతావురా? ఎన్నిసార్లు చూసినా నాకంతు పట్టలేదు.”

“నాకేం తెలుసు? తొందరగా అవగొట్టి ఇంటికి పోదామని రాసేవాణ్ణి. నువ్వు చుక్కలు పెట్టి ఉంచేవాడివి, పక్క అక్షరానికి చోటుందో లేదో నేనెప్పుడు చూసుకున్నాను? చూసుకునేవాడు వెనకాల ఉంటే ఎవడైనా విసురుతాడు.” ఊపిరి అందక ఆగాడు. తరవాత మెల్లిగా, “కుళ్లుగా ఉందా అన్నయ్యా?”

“ఉంది.”

“ఎంతుంది?”

“కడుపు మండిపోతోంది. రోడ్డుమీద తలెత్తుకోలేకపోతున్నాను. తలెత్తితే నువ్వే.”

“హమ్మయ్య. ఒక్కడైనా నిజం చెప్పాడు. వచ్చినవాళ్లందరూ పొగిడి పొగిడి చంపుతున్నారు.” దుప్పటిలోంచి చెయ్యి బయటికి తీశాడు. ఎముకలమీద చర్మం కప్పినట్టుంది. “నాకు మాత్రం లేదనుకున్నావా? నువ్వు స్కూటరు మీద పిల్లని ముందు నించోబెట్టుకుని బడికి తీసుకుపోతుంటే, గేటు దగ్గర నిలబడి చూసేవాణ్ణి. పొద్దున్నే అదే పని నాకు. మీ మరదలు నవ్వేది. ఇప్పుడు చూడు, ఊళ్లోవాళ్లంతా బాబాయి, బాబాయి అంటున్నారు. అదే పెట్టింది ఆ పేరు. అంత ప్రేమగా పెట్టింది. అయినా బాబాయనేగా పెట్టింది.”

గీతలాయన ఆ చేతివంక చూశాడు. ఏదో చెప్పాలనిపించింది. ‘అది నీ కూతురు కూడా’ అనాలి. లోకంలో ఎవరైనా ఆ మాటే అంటారు. కానీ ఆయనకి ఆ ఒక్క మాట ఇవ్వడానికి మనసు రాలేదు. అంత ఇచ్చాక తన దగ్గర ఏం మిగులుతుంది? అలా తటపటాయిస్తూనే ఆ చేతిని పట్టుకున్నాడు. చల్లగా ఉంది. కిటికీ బయట ఎవరో స్కూటరు స్టార్టు కాక తన్నుతున్నారు. అది స్టార్టయి వెళ్లిపోయింది. ఇంక చెప్పేద్దామని ఆయన నిశ్చయించుకుని, “ఒరేయ్, అదీ...” అని తలెత్తేసరికి, తోడల్లుడు ఆయన వైపే చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు. రెప్ప వెయ్యడం లేదు.

మరదలి ఏడుపు విని ఇరుగుపొరుగువాళ్లు వచ్చారు. దూరంనుంచి రావలసిన కొడుకులూ కూతుళ్లూ ఎవరూ లేరు గనక, పొద్దుండగానే తీసుకుపోవడం మంచిదన్నారు. ఫ్లెక్సీల కుర్రాళ్లు ఎవరూ చెప్పకుండానే ఒక నివాళి బ్యానరు కొట్టి తెచ్చి, శవాన్నెక్కించిన వ్యానుకి కట్టారు. ‘బాబాయి ఇక లేరు’ అని ఉంది దానిమీద. ఏ రాతలో కొట్టారో వేరే చెప్పక్కర్లేదు. తన చావుకబురు తనే హుషారుగా రాసిపెట్టి పోయినట్టుంది. గీతలాయన అది చూసి, చచ్చినా వదల్లేదురా నన్ను అనుకున్నాడు. వెంటనే తన బుద్ధికి తనకే రోత పుట్టింది.

వ్యాను బజారు వీధిలోకి తిరిగేసరికి దీపాల వేళ. బోర్డులన్నీ వెలిగి, వీధి పొడుగునా తోడల్లుడి రాత మెరుస్తోంది. గీతలాయన వ్యాను వెనకాలే నడుస్తున్నాడు. పక్కన కూతురు, ఆయన చెయ్యి పట్టుకుని. ముందుగా మందుల కొట్టువాడు బయటికొచ్చి వ్యానునీ దానిమీది బ్యానర్నీ చూశాడు. లోపలికెళ్లి బోర్డు లైటు ఆర్పాడు. కొక్కెం కర్ర తీసుకుని షట్టరు లాగాడు. గడగడమని దిగింది. దాన్ని చూసి పక్కన బట్టల కొట్టువాడు లైటు ఆర్పి షట్టరు దించాడు. తరవాత చెప్పుల కొట్టు, గిన్నెల కొట్టు, గడియారాల కొట్టు. వ్యాను ఎంత ముందుకి పోతే అంత ముందుకీ లైట్లు ఆరిపోతున్నాయి, రెండువైపులా షట్టర్లు దిగుతున్నాయి. ఇంకా చీకటి పడలేదు. దిగిన ప్రతి షట్టరు మీదా గీతలాయన రాత. పచ్చవి, ఎర్రవి, నీలంవి. తిన్నగా, నిండుగా, ఎవరి చోట్లో వాళ్లు నిలబడి. మధ్యలో ఒక్క కళ్లజోళ్ల కొట్టుది మాత్రం తుడిచేసిన మరకలతో బోసిగా ఉంది.

ఆయన ఆ వీధిని ఎన్నడూ అలా చూడలేదు. ఒక్కొక్కటీ ఒక్కో సెలవురోజున రాసినవే గానీ అన్నీ ఒకేసారి, ఇంతమంది జనం మధ్య దిగడం ఆయన ఎరగడు. జనం చూస్తున్నారు. ఒంట్లోకి సంతోషం జివ్వున ఎక్కింది. సిగ్గులేని సంతోషం. చూడరా అనుకున్నాడు. ఇప్పుడు చూడు, ఇటు చూడు, నీ లైట్లన్నీ ఆరిపోయాయి, నేనేం రాశానో చూడు అని వ్యాను వైపు తిరిగాడు. తెల్లగుడ్డ కప్పుకుని వాడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

గాడిలో దిగిన కుంచెని మళ్లీ గట్టెక్కించడం ఎంత కష్టమో తెలిసినవాడు ఈ ఊరి మొత్తంలో వాడొక్కడే. ఇవి చూసి కడుపు మండవలసినవాడు వాడొక్కడే. వాడు లేకపోతే ఇవి ఉత్త రేకులు. గీతలాయన గొంతులోంచి వింత చప్పుడొకటి వచ్చింది. వ్యాను పక్కనున్న పట్టీ పట్టుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

కూతురు ఆయన భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఆ పిల్ల కళ్లు మాత్రం షట్టర్ల మీదే ఉన్నాయి. పగలు తెరిచిన కొట్లే గానీ మూసిన వీధిని చూడని పిల్ల అది. అటువైపూ ఇటువైపూ చూస్తూ, నడక తడబడి ఆగింది.

“నాన్నా, ఇవన్నీ... ఇవన్నీ నీవేనా?”

ఆ ప్రశ్న కోసం ఆయన ఎన్నేళ్లనుంచి కాచుక్కూచున్నాడో ఆ పిల్లకి తెలియదు. అవునమ్మా అంటే చాలు. అటు చూడు, ఆ గడియారాల కొట్టుది చూడు అంటే ఇంకా బాగుంటుంది.

“ముందుకు చూసి నడువమ్మా” అన్నాడు గీతలాయన. “మీ చిన్న నాన్న వెళ్లిపోతున్నాడు.”

ఆ నాన్న అన్న మాటకి కూతురు తల తిప్పి వ్యానుకేసి చూసింది. తరవాత దారంతా ఇద్దరూ పక్కలకి చూడలేదు. వ్యాను దాటిపోయాక వెనక షట్టర్లు గడగడమంటూ పైకి లేస్తున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

తిరిగి వచ్చేసరికి మరదలు మంచం మీది పక్కబట్టలు తీస్తోంది. దిండు ఎత్తితే కింద ఒక పాత కుంచె ఉంది. కూతురు రెండు చేతులతోనూ అందుకుని, “పిన్నీ, దీంతోనేనా బాబాయి రాసింది? ఇది దాచాలి” అంది.

“రాయడమేమిటే, నా మొహం” అంది మరదలు, ఏడుస్తూనే నవ్వి. “దాంతో వీపు గోక్కునేవారు.”

కూతురు దాన్ని కిటికీలో పెట్టింది. గీతలాయన స్టూలు మీద కూచుని చాలాసేపు అటే చూశాడు గానీ ముట్టుకోలేదు. వెంట్రుకలన్నీ ఊడిపోయి, కర్ర కొస మాత్రం వీపుకి రాసి రాసి నున్నబడి, కిటికీలో అలా ఉంది ఆ కుంచె.